ముందు చక్రాలు లాగే పాత కారు

ప్రశ్న: 1950ల నాటి ప్యారిస్ వీధి ఫొటోలో, గ్రిల్ మీద తలకిందులైన రెండు 'వి' గుర్తులున్న నల్ల కారు కనిపించింది. అది ఏ కారో, ఏ సంవత్సరానిదో చెప్పగలరా?

జవాబు: ఆ రెండు గుర్తులు సిట్రోయెన్ కంపెనీవి. కారు పక్కన ఫుట్‌బోర్డు లేకుండా, నేలకు బాగా దగ్గరగా ఉంటే అది 1934లో వచ్చి 1957 దాకా తయారైన ట్రాక్షన్ అవాన్ అనుకోవచ్చు. ఏడాది తేల్చడానికి వెనకవైపు చూడండి: డిక్కీ ఉబ్బెత్తుగా ఉంటే అది 1952 తర్వాతిది. వైపర్లు అద్దం పైఅంచున ఉంటే అంతకు ముందుది.

ఇంజను శక్తి ముందు చక్రాలకే అందుతుంది కాబట్టి వెనక్కి వెళ్లే పొడవాటి షాఫ్టు అక్కర్లేకపోయింది, అందుకే లోపల నేల చదునుగా ఉంటుంది. ఈ కారులో నాకు అన్నిటికన్నా నచ్చేది గేర్ రాడ్. గేర్‌బాక్సు ఇంజనుకు ముందు, కారు ముక్కు దగ్గర ఉండటంతో ఆ రాడ్ డాష్‌బోర్డులోంచి పొడుచుకు వస్తుంది.

ఇబ్బందులూ ఉన్నాయి. చక్రం ఒకేసారి తిరగాలి, పక్కకు మళ్లాలి కాబట్టి ముందు చక్రాలను తిప్పే షాఫ్టుల కీళ్ల మీద భారం ఎక్కువ. తొలి కార్లలో అవి త్వరగా పాడయ్యేవి. నెమ్మదిగా వెళ్లేటప్పుడు స్టీరింగ్ బరువుగా ఉంటుంది, మలుపుకు చోటు ఎక్కువ కావాలి. నిట్టనిలువు ఎత్తు ఎక్కేటప్పుడు బరువు వెనక్కి వాలి ముందు చక్రాలు పట్టు కోల్పోతాయి. ముందు చక్రాలే లాగే 1929 నాటి అమెరికన్ కారు 'కార్డ్ ఎల్-29'కి కూడా ఇదే చిక్కు వచ్చింది.