కనెక్సిన్ 43ను పెంచే మందు దొరికితే గుండె లయ, క్యాన్సర్ రెండూ కుదుటపడతాయా?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా: కనెక్సిన్ 43 అనే ప్రొటీన్ తగ్గితే గుండె లయ తప్పుతుందని, అదే ప్రొటీన్ తగ్గిన కణాలు క్యాన్సర్ వైపు మొగ్గుతాయని మీరు ఎమ్మెస్సీ పాఠాల్లో చదివారు, అటువంటప్పుడు దాన్ని పెంచే మందు ఒక్కటి కనిపెడితే రెండు జబ్బులకూ సరిపోదా అని అడుగుతున్నారు. పీహెచ్‌డీలో చేరిన కొత్తలో నేనూ అచ్చంగా ఇలాగే అనుకున్నాను. హైదరాబాదులోని ఒక పరిశోధనశాలలో ఐదేళ్లకు పైగా ఈ ఒక్క ప్రొటీన్ చుట్టూనే తిరిగిన తరువాత, అది ఎంత ఉందో కొలిచినంత మాత్రాన తెలిసేది తక్కువని, కణంలో ఏ చోట ఉంది, ఏ రూపంలో ఉంది, అవతల దానితో చేయి కలిపిన కణం ఏది అన్న మూడూ తేలనిదే ఏమీ చెప్పలేమని నాకు తెలిసివచ్చింది.

ముందు గుండె సంగతి. ఆరు కనెక్సిన్ అణువులు గుండ్రంగా చేరితే సగం నాళం ఏర్పడుతుంది. పక్క కణం నుంచి వచ్చిన సగం నాళం దానికి ఎదురుగా అతుక్కుంటే రెండు కణాల మధ్య దారి తెరుచుకుంటుంది. ఆ దారిలో అయాన్లు, దాదాపు 1000 డాల్టన్ల (అణువు బరువుకు కొలమానం) లోపు చిన్న అణువులు వెళ్లగలవు, ప్రొటీన్లు వెళ్లలేవు. ఇటువంటి నాళాలు గుంపుగా చేరిన చోటును గ్యాప్ జంక్షన్ అంటారు. జఠరికలోని కండర కణాల్లో ఇవి ఎక్కువగా కణం రెండు కొసల దగ్గర, ఇంటర్‌కలేటెడ్ డిస్క్ అనే అతుకుల్లో ఉంటాయి. విద్యుత్ ప్రేరణ కణం నుంచి కణానికి క్షణాల్లో సాగిపోవడానికి కారణం ఆ అమరికే.

దీన్ని పుస్తకంలో చదవడం వేరు, కళ్లతో చూడడం వేరు. అప్పుడే పుట్టిన ఎలుక పిల్లల గుండె కణాలను విడదీసి డిష్‌లో వేస్తే, మరునాడు మైక్రోస్కోప్ కింద ఒక్కో కణం తన ఇష్టం వచ్చినట్టు కొట్టుకుంటూ కనిపిస్తుంది. మూడు నాలుగు రోజులకు అవి ఒకదానినొకటి తాకి, కనెక్సిన్ నాళాలు ఏర్పడిన తరువాత, డిష్ అంతా కోలాటంలో కర్రలు కలిసినట్టు ఒకే లెక్కలో కొట్టుకుంటుంది. అందులో హెప్టనాల్ అనే రసాయనం కొద్దిగా వేస్తే ఆ నాళాలు మూసుకుని లెక్క చెదిరిపోతుంది. ద్రవం మార్చి కడిగితే మళ్లీ కలుస్తుంది. మొదటిసారి చూసిన రోజు నేను పక్క గదిలోని వారందరినీ పిలుచుకువచ్చి చూపించాను.

ఇక్కడ ఒక అంకె గుర్తుంచుకోండి. ఎలుక గుండెలో కనెక్సిన్ 43 అర్ధజీవిత కాలం గంటన్నర కూడా ఉండదు. అంటే పొద్దున ఉన్న ప్రొటీన్ సాయంత్రానికి దాదాపు మిగలదు. గుండె దాన్ని రోజంతా కొత్తగా తయారు చేసి, సరిగ్గా కణం కొసలకే చేరవేస్తూ ఉండాలి. ఆ చేరవేతలో లోపం వస్తే, తయారీ బాగానే ఉన్నా ఫలితం ఉండదు. ధమనిని కట్టివేసిన ఎలుక గుండెల నుంచి కోసిన పలుచని ముక్కలకు రంగు వేసి చూసినప్పుడు, దెబ్బతిన్న భాగం అంచున కనెక్సిన్ కొసలను వదిలి కణం పక్కల పొడుగునా చెదిరి ఉండడం నేను చాలాసార్లు చూశాను. అటువంటి చోటనే విద్యుత్ ప్రేరణ దారి తప్పి, వెనక్కి తిరిగి, ప్రమాదకరమైన లయలను పుట్టిస్తుంది. పూర్తిగా లేకపోతే ఏమవుతుందన్నది ఎలుకల్లో స్పష్టంగా తేలింది: 1995లో ఈ జన్యువును అసలే లేకుండా చేసిన ఎలుక పిల్లలు పుట్టిన కాసేపటికే చనిపోయాయి, 2001లో గుండె కండరంలో మాత్రమే తీసివేసినవి, గుండె నిర్మాణమూ సంకోచమూ మామూలుగానే ఉన్నా, రెండు నెలలు నిండేలోగా లయ తప్పి హఠాత్తుగా చనిపోయాయి.

ఇక నేను చేసిన పొరపాటు. ప్రొటీన్లను బరువును బట్టి విడదీసి, మెంబ్రేన్ అనే పలుచని పొర మీద యాంటీబాడీతో గుర్తించే వెస్టర్న్ బ్లాట్ పరీక్షలో కనెక్సిన్ 43 సాధారణంగా 41 నుంచి 46 కిలోడాల్టన్ల మధ్య రెండు మూడు గీతలుగా కనిపిస్తుంది. ప్రొటీన్ తోక భాగాన్ని గుర్తించే యాంటీబాడీ వాడినప్పుడు మాత్రం కింద 20 కిలోడాల్టన్ల దగ్గర మరో గీత వచ్చేది. అది విరిగిన ముక్క అని, నమూనాను ఐస్ మీద సరిగా ఉంచకపోవడం వల్ల వచ్చిందని మా గురువుగారు అనేవారు, నేనూ నమ్మాను. చివరకు చిరాకెత్తి, మెంబ్రేన్‌ను 37 కిలోడాల్టన్ల గుర్తు దగ్గర బ్లేడుతో కోసి, కింది సగాన్ని పారేయడం మొదలుపెట్టాను. 2013లో జేమ్స్ స్మిత్, రాబిన్ షా ప్రచురించిన పరిశోధన చదివాక గాని నేను పారేసింది ఏమిటో తెలియలేదు. అది విరిగిన ముక్క కాదట; అదే ఎంఆర్‌ఎన్ఏ (జన్యువు నుంచి వచ్చే నకలు) మీద, ప్రొటీన్‌ను తయారుచేసే రైబోజోమ్ మొదటి నుంచి కాక మధ్యలో, 213వ స్థానంలోని మెథియొనైన్ అనే అమైనో ఆమ్లం దగ్గర చదవడం మొదలుపెడితే తయారయ్యే పొట్టి ప్రొటీన్. దాన్ని జీజేఏ1-20కే అంటారు. పూర్తి పొడవు కనెక్సిన్‌ను కణపు అంచుకు చేరవేయడంలో సాయం చేసేది అదే. ఆ సాయంత్రం పాత ఎక్స్‌రే ఫిల్ములన్నీ తీసి చూసుకున్నాను: కోయకుండా మిగిలిన ప్రతి గుండె నమూనాలోనూ ఆ గీత ఉంది.

మీరు అడిగిన క్యాన్సర్ ముడి కూడా ఇక్కడే ఉంది. 1966లో లోవెన్‌స్టైన్, కన్నో ఎలుక కాలేయ కణితుల్లో కణాల మధ్య ఈ దారులు మూసుకుపోయి ఉన్నాయని చూపించారు. తరువాత కొన్ని కణితి కణాల్లోకి కనెక్సిన్‌ను తిరిగి ప్రవేశపెడితే వాటి పెరుగుదల మందగించింది. మీ పాఠం చెప్పిన సగం ఇదే, అబద్ధమేమీ కాదు. అయితే 2018లో స్మిత్ బృందం, క్యాన్సర్ వ్యాప్తికి దోహదం చేసే ఒక మార్పును టీజీఎఫ్-బీటా అనే సంకేత ప్రొటీన్‌తో కణాల్లో తెప్పించి చూసింది. ఒకదానికొకటి అతుక్కుని ఉండే కణాలు పట్టు విడిచి కదలడం మొదలుపెట్టే ఆ దశలో, పొట్టి ప్రొటీన్ తయారీ పడిపోయి గ్యాప్ జంక్షన్లు ఏర్పడకుండా పోయాయి. అటువంటి కణంలో పూర్తి పొడవు కనెక్సిన్‌ను మందుతో ఎంత పెంచినా, చేరవేసే తోడు లేకపోతే అది లోపలే తిరుగుతూ ఉంటుందని నా అనుమానం.

మిగతా సగం మీ పాఠంలో ఉన్నట్టు లేదు. కణితి ముదిరి వేరే అవయవానికి పాకిన తరువాత ఇదే ప్రొటీన్ దానికి అండగా నిలవగలదు. మెదడుకు చేరిన రొమ్ము, ఊపిరితిత్తుల క్యాన్సర్ కణాలు అక్కడి ఆస్ట్రోసైట్లతో (నాడీకణాలకు తోడుగా ఉండే కణాలు) కనెక్సిన్ 43 నాళాలు కలుపుకుని, సీజీఏఎంపీ అనే చిన్న అణువును వాటిలోకి పంపుతాయని 2016లో తేలింది. దానికి స్పందించి ఆస్ట్రోసైట్లు విడుదల చేసే పదార్థాలు తిరిగి క్యాన్సర్ కణాలకే బలాన్నిస్తాయి. మెదడులోనే పుట్టే గ్లయోమా కణాలు సన్నని పొడవాటి తీగల ద్వారా ఒకదానితో ఒకటి ముడిపడి, రేడియేషన్‌ను తట్టుకుంటాయని 2015లోనే చూపించారు. ఆ తీగల అతుకుల్లోనూ ఉన్నది కనెక్సిన్ 43. ఇటువంటి రోగికి మీరనుకునే మందు ఇస్తే మేలు కంటే కీడే ఎక్కువ జరగవచ్చు. పోనీ నాళాలను మూసే మందు ఇద్దామా అంటే, ఒళ్లంతా తిరిగే ఆ మందు గుండెలో ఏం చేస్తుందో హెప్టనాల్ వేసిన డిష్‌ను చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు.

టమాటాలోని లైకోపీన్ కనెక్సిన్ 43ను పెంచుతుందని, కాబట్టి క్యాన్సర్ రాదని వాట్సాప్‌లో తిరిగే సందేశాన్ని మీరూ చూసి ఉంటారు. మొదటి మాట నిజమే, డిష్‌లో పెంచిన ఎలుక కణాల్లో. టమాటా పప్పు నాకూ ఇష్టమే, కానీ పై రెండు పేరాలు చదివినవారు రెండో మాటను నమ్మకూడదు.

అందుకే ఈ రంగంలోని వారు ఇప్పుడు కనెక్సిన్ మోతాదు మీద కంటే కణంలో దాని నడక మీద ఎక్కువ దృష్టి పెడుతున్నారు. కనెక్సిన్ తోకలోని చివరి తొమ్మిది అమైనో ఆమ్లాలను పోలిన ఆల్ఫా-సీటీ1 అనే పెప్టైడ్, టెమొజోలొమైడ్ అనే క్యాన్సర్ మందుకు లొంగని గ్లయోబ్లాస్టోమా (తీవ్రమైన మెదడు క్యాన్సర్) కణాలను మళ్లీ ఆ మందుకు లొంగేలా చేసిందని 2016లో వర్జీనియా టెక్ పరిశోధకులు ప్రచురించారు. ఇది ప్రయోగశాల ఫలితమని గమనించండి.

మీ ప్రాజెక్టుకు ఈ ప్రొటీన్‌నే ఎంచుకుంటే, తోకను గుర్తించే యాంటీబాడీ తీసుకోండి, మెంబ్రేన్‌ను కోయకండి. బ్లాట్ పక్కన రంగు పరీక్ష కూడా తప్పక పెట్టండి: కణాల పొర మీద బ్లేడుతో ఒక గీత గీసి, లూసిఫర్ యెల్లో అనే చిన్న అణువుల పసుపు రంగును, నాళాల్లో పట్టనంత పెద్దదైన 10 కిలోడాల్టన్ల రోడమిన్ డెక్స్‌ట్రాన్‌ను కలిపి పోస్తే, ఎర్రటి డెక్స్‌ట్రాన్ గీత వెంట తెగిన కణాల్లోనే ఆగిపోతుంది, పసుపు మాత్రం నాళాలు తెరిచి ఉన్నంత మేర లోపలి వరసల్లోకి పాకుతుంది. ఎన్ని వరసలు దాటిందో లెక్కపెట్టండి. మా దగ్గర గుండె కణాల్లో నేను లెక్క మానేసిన రోజులున్నాయి, కణితి కణాల్లో రెండో వరస కూడా దాటని రోజులున్నాయి, బ్లాట్‌లో మాత్రం ఆ రెండు రకాల కణాల కనెక్సిన్ గీతలూ దాదాపు ఒకే మందంలో ఉండేవి.