ఆయనకు గట్టిది, నాకు మెత్తది... ఇద్దరికీ ఏ పరుపు?

ప్రశ్న: మాకు పెళ్లయి ఆరేళ్లయింది. ఇన్నాళ్లూ మామూలు ఫోమ్ పరుపు వాడాం. ఇప్పుడు దాని మధ్యలో గుంట పడింది. ఈసారి నేచురల్ లేటెక్స్ (రబ్బరు నురగ) పరుపు కొందామని తిరుగుతున్నాం. ఆయన బరువు 92 కిలోలు, నాది 54. ఆయన వెల్లకిలా పడుకుంటారు, నేను పక్కకు తిరిగి పడుకుంటాను. మెత్తటి పరుపయితే ఆయనకు నడుం నొప్పి, గట్టిదయితే నాకు భుజం తిమ్మిరెక్కుతుంది. షాపులో ‘మీడియం తీసుకోండి మేడమ్, ఇద్దరికీ సరిపోతుంది’ అంటున్నారు. ఒక పరుపు మీద ‘100 శాతం నేచురల్’ అనీ, ఇంకోదాని మీద ‘100 శాతం లేటెక్స్’ అనీ ఉంది. రెండూ ఒకటేనా? డన్‌లప్, టాలలే అని కూడా ఏవో చెబుతున్నారు. ఆయన మాట నేను వినను, నా మాట ఆయన వినరు. మీరైనా తేల్చండి.
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా పనికొచ్చినవి ఆ రెండు అంకెలు: 92, 54. పరుపుల ఫ్యాక్టరీలో తనిఖీ విభాగంలోనే నా ఉద్యోగమంతా గడిచింది. కొనడానికొచ్చే జంటలు ‘నేచురలేనా, కల్తీ ఏమైనా ఉందా’ అని గుచ్చి గుచ్చి అడుగుతారు గానీ, తమ బరువుల్లో ఇంత తేడా ఉందని మాత్రం చెప్పరు. రేపు ఆ పరుపు మీద పడేది ఆ బరువులే కదా.

మీడియం ఇద్దరికీ సరిపోతుందన్న మాట పట్టించుకోకండి. మెత్తదనం సగం పరుపులో, సగం పడుకునే మనిషిలో ఉంటుంది. మీకు మీడియంగా తోచిన పరుపు మీవారి కింద లోతుగా దిగిపోతుంది. ఆయన దాన్ని మెత్తదనే అంటారు. ఆయనకు మీడియం అనిపించేది మీ భుజానికి బల్లలా తగులుతుంది. పైగా ఆ మీడియం అనేదానికి అందరూ ఒప్పుకున్న కొలత అంటూ లేదు. ఒక కంపెనీ మీడియం అన్నది ఇంకో కంపెనీలో గట్టి రకం కావచ్చు.

మేం ఫ్యాక్టరీలో చూసే కొలత పేరు ఐఎల్‌డీ. 50 చదరపు అంగుళాల గుండ్రటి పలకతో లేటెక్స్ ముక్కను నొక్కుతాం. దాని మందంలో నాలుగో వంతు దిగడానికి ఎన్ని పౌండ్ల బలం పట్టిందో అదే ఆ ముక్క అంకె. 20 దగ్గర్లో ఉంటే మెత్తది, 30 దగ్గర్లో ఉంటే మధ్యరకం, 40కి చేరితే బాగా గట్టిది. ముక్క మందం మారితే అంకె కూడా మారుతుంది కాబట్టి రెండు కంపెనీల అంకెల్ని పక్కపక్కన పెట్టి పోల్చలేం. ఒకే కంపెనీ పరుపులో ఏ పొర ఎంత గట్టిదో తెలుసుకోవడానికి మాత్రం పనికొస్తుంది. షాపులో అడగండి. అంకె వాళ్ల దగ్గర లేకపోయినా కంపెనీకి ఫోన్ చేసి కనుక్కోగలరు. అంత ఓపిక లేని షాపులో కొనకపోతే మీకు పోయేదేం లేదు.

ఇప్పుడు మీవారికి ఒక మాట. ఆయన మెత్తది వద్దంటున్నది గుంట పడిన పాత ఫోమ్‌ను చూసి. అది మెత్తగా ఉండటం వేరు, కూలబడిపోవడం వేరు. నడుముకి కావాల్సింది కింద నుంచి ఆనిక. లేటెక్స్ మెత్తగా దిగినా, దిగిన కొద్దీ ఎదురు తోస్తుంది. ఇక నడుం నొప్పికి ఎంత గట్టి పక్క అయితే అంత మంచిదనే నమ్మకం ఒకటుంది. 2003లో లాన్సెట్ వైద్య పత్రికలో దీని మీదే ఒక అధ్యయనం వచ్చింది. స్పెయిన్‌లో దీర్ఘకాలంగా నడుం నొప్పి ఉన్న 313 మందికి, కొందరికి గట్టి పరుపులు, కొందరికి ఒక మోస్తరు గట్టి పరుపులు ఇచ్చి 90 రోజుల తర్వాత చూశారు. మోస్తరు గట్టి పరుపు వాడిన వాళ్లకే నొప్పి ఎక్కువ తగ్గింది. ఈ ముక్క ఆయనకు చదివి వినిపించండి, మీరు చెప్పినట్టు కాకుండా.

మీ సంగతికొస్తే, మీ తిమ్మిరికి పరుపు గట్టిదనంతో పాటు పాత గుంటను కూడా అనుమానించాలి. 38 కిలోల తేడా ఉన్నప్పుడు తక్కువ బరువున్న మనిషి రాత్రంతా ఎక్కువ బరువు వైపు జారుతుంటారు. జారకుండా ఒళ్లు బిగబట్టుకుని పడుకుంటే పొద్దున్నే భుజాలు పట్టేస్తాయి.

నా సలహా ఇదీ. పొరలుగా చేసిన పరుపు తీసుకోండి. కవరుకు చుట్టూ జిప్పు ఉండాలి. లోపల కింది పొరలు ఆయన సగం వేరు, మీ సగం వేరుగా ఉండాలి. ఆయన వైపు గట్టి పొర, మీ వైపు మధ్యరకం. వాటన్నిటి పైన పక్క మొత్తానికీ పరుచుకునే 2 అంగుళాల మెత్తటి పొర ఒకటే. మీ భుజం, తుంటి ఆ పై పొరలో ఇమిడిపోతాయి. ఆయన బరువు దాన్ని దాటి కింది గట్టి పొర మీద ఆనుతుంది. పై నుంచి కింద దాకా రెండు ముక్కలుగా కోసిన పరుపులు కూడా దొరుకుతాయి. వాటిలో ఎవరి సగం వాళ్లకు కచ్చితంగా కుదురుతుంది గానీ, మధ్యలో పడుకుంటే ఆ చీలిక ఒంటికి తెలుస్తుంది. పెళ్లయి ఆరేళ్లే అంటున్నారు, పై పొర ఒకటే ఉంచుకోండి!

కొన్నాక పొర నచ్చకపోతే మార్చి ఇస్తారా, ఎన్నాళ్లలోపు ఇస్తారు, తెచ్చిపెట్టే ఖర్చు ఎవరిది అనేవి ముందే కాగితం మీద రాయించుకోండి. లేటెక్స్ పరుపును చుట్టి, గాలి తీసి, యంత్రంతో కుదించి పంపిస్తారు. విప్పాక మళ్లీ అలా చుట్టడం ఇంట్లో అయ్యే పని కాదు. అందుకే ‘నచ్చకపోతే వాపసు’ అన్న మాట వినగానే, ఇంటికొచ్చి తీసుకెళ్తారా లేదా అని అడగండి.

పొరలుగా చేసింది దొరక్కపోతే మాత్రం మీవారికి ఆనిక ఇచ్చే పరుపునే కొని, మీ వైపు 2 అంగుళాల మెత్తటి టాపర్ (పరుపు మీద విడిగా పరిచే పొర) వేసుకోండి. రెండు వైపులా ఎత్తు కాస్త తేడాగా ఉంటుంది, అలవాటైపోతుంది. గట్టి పరుపును పైన ఏదైనా వేసి మెత్తబరచవచ్చు. మెత్తదాన్ని గట్టిపరిచే ఉపాయం నాకు ఇంతవరకు కనిపించలేదు.

షాపులో చేత్తో నొక్కి చూడటం వల్ల ఏమీ తెలియదు. ఇద్దరూ ఒకేసారి, ఇంట్లో ఎలా పడుకుంటారో అలాగే, కనీసం పావుగంట పడుకోండి. సిగ్గుపడితే కుదరదు. మీ దిండు వెంట తీసుకెళ్లండి, ఎందుకంటే షాపు దిండు ఎత్తు మారితే మెడ, భుజం లెక్కంతా మారిపోతుంది. మీరు పక్కకు తిరిగి పడుకున్నప్పుడు వెనక నుంచి ఒకరిని చూడమనండి. మెడ నుంచి నడుం కింది దాకా వెన్ను ఒకే గీతలా ఉండాలి. నడుం జారినట్టు కనిపిస్తే మెత్తదనం ఎక్కువైంది, భుజం దిగక పైకి లేచి ఉంటే గట్టిదనం ఎక్కువైంది. ఆయన వెల్లకిలా పడుకున్నప్పుడు నడుం వంపు కింద చెయ్యి పెట్టి చూడండి. చెయ్యి వదులుగా ఆడితే పరుపు మరీ గట్టిది. అసలు దూరకపోతే మరీ మెత్తది. కాస్త పట్టి దూరితే ఆయనకు అది చాలు. తర్వాత ఆయన్ని అటూ ఇటూ పొర్లమనండి. కదలిక మీ వైపు ఎంత వస్తోందో గమనించండి. ఒకదానికొకటి ముడివేసిన స్ప్రింగుల పరుపంత ఊగదు గానీ, లేటెక్స్‌కు ఎగిరే గుణం ఉంది కాబట్టి మెమొరీ ఫోమ్ అంత నిశ్చలంగానూ ఉండదు. మీది తేలిక నిద్రయితే కింది పొరలు విడిగా ఉండటం ఇక్కడ కూడా కలిసొస్తుంది.

ఇక ‘నేచురల్’ గొడవ. రెండూ ఒకటి కావు. లేటెక్స్ అంటే రబ్బరు చెట్టు పాల నుంచి చేసిందీ కావచ్చు, పెట్రోలియం నుంచి తయారయ్యే ఎస్‌బీఆర్ అనే కృత్రిమ రబ్బరూ కావచ్చు, రెండూ కలిపిందీ కావచ్చు. ‘100 శాతం లేటెక్స్’ అన్న మాట ఈ మూడింటికీ వర్తిస్తుంది. ‘100 శాతం నేచురల్’ అంటే అందులోని రబ్బరంతా చెట్టు పాలదేనని చెప్పుకుంటున్నారన్నమాట. అందులో కూడా గంధకం, జింక్ ఆక్సైడ్, సబ్బు లాంటివి కొద్ది శాతం ఉంటాయి. అవి లేనిదే పాలు పరుపుగా మారవు, కాబట్టి దాన్ని మోసం అనుకోనక్కర్లేదు. సుద్దపొడి కలిపి బరువు పెంచితే అది మోసం. పైన అంగుళం లేటెక్స్ వేసి కింద అంతా మామూలు పీయూ (పాలీయురేథేన్) ఫోమ్ నింపి ‘లేటెక్స్ పరుపు’ అని అమ్మితే అదీ మోసమే. జిప్పు తీసి చూపించమనండి. తీయనివ్వని పరుపు నేనయితే కొనను.

సర్టిఫికెట్లలో గోల్స్ అనేది సేంద్రియ లేటెక్స్‌కు సంబంధించింది. దానికి లేటెక్స్‌లో కనీసం 95 శాతం సేంద్రియ ముడి సరుకు ఉండాలి. ఓకో టెక్స్ వేరు. హానికర రసాయనాలు హద్దులో ఉన్నాయా అని మాత్రమే అది చూస్తుంది, కృత్రిమ రబ్బరు కూడా అందులో పాసవ్వచ్చు. ఏ సర్టిఫికెట్ చూపించినా దాని నంబరును ఇచ్చిన సంస్థ వెబ్‌సైట్‌లో సరిచూసుకోండి. గడువు తీరిందా, అది లోపలి లేటెక్స్‌కు ఇచ్చిందా, లేక పైన కుట్టిన గుడ్డకు ఇచ్చిందా అన్నది చూడండి. గుడ్డ సర్టిఫికెట్ చూపించి పరుపు అమ్మేవాళ్లున్నారు.

డన్‌లప్, టాలలే అన్నవి తయారుచేసే పద్ధతులు. 1929 నుంచి ఉన్న డన్‌లప్ పద్ధతిలో పాలను నురగ వచ్చేలా గిలక్కొట్టి, అచ్చులో పోసి, ఆవిరితో ఉడికిస్తారు. బరువైన భాగం కిందికి దిగుతుంది కాబట్టి ఒక వైపు కొంచెం గట్టిగా వస్తుంది. టాలలేలో అచ్చు సగమే నింపి, గాలి లాగేసి నురగను ఉబ్బించి, గడ్డకట్టించి, కార్బన్ డయాక్సైడ్ పంపి, ఆ తర్వాత ఉడికిస్తారు. అది అంతటా ఒకేలా, తేలిగ్గా వస్తుంది. చాలా టాలలే పరుపుల్లో కృత్రిమ రబ్బరు కొంత కలుపుతారు, అది అడిగి తెలుసుకోవాలి. మీకు కింద డన్‌లప్ ఉంటే చాలు. పైన ఏది హాయిగా ఉంటే అది. దీని మీద మాత్రం పోట్లాడుకోకండి.

ప్రశ్న: లేటెక్స్ పరుపు కొనేశాం. మా మంచం మీద ప్లైవుడ్ పలక ఉంది. దాని మీద నేరుగా వేయొచ్చా? అప్పుడప్పుడూ ఎండలో పెట్టాలా?

జవాబు: ఎండలో అస్సలు వద్దు. దూది పరుపుకు ఎండ మేలు చేస్తుంది గానీ, లేటెక్స్‌కు అదే శత్రువు. వెలుతురు తగిలే కొద్దీ పసుపెక్కి, బిరుసై, పొడిపొడిగా రాలుతుంది. కవరు ఉతకడానికి తీసినప్పుడు కూడా లోపలి పొరలను కిటికీ పక్కన వదలకండి.

ప్లైవుడ్ మీద వేయొచ్చు గానీ చెమట తేమ కిందికి దిగి పోయే దారి లేక బూజు పడుతుంది. పలకకు దగ్గర దగ్గరగా చిల్లులు కొట్టించండి. అంతకన్నా మంచిది అడ్డపట్టీల మంచం, పట్టీకీ పట్టీకీ మధ్య 3 అంగుళాలకు మించి ఖాళీ ఉండకూడదు. మించితే పరుపు ఆ సందుల్లోకి దిగుతుంది, వారంటీ వాళ్లు కూడా మంచాన్ని సాకుగా చూపిస్తారు. 6 అడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల పొడవు, 8 అంగుళాల మందం ఉన్న డన్‌లప్ పరుపు సాంద్రత ఘనపు మీటరుకు 80 కిలోలనుకుంటే బరువు 59 కిలోలు. అంటే పడుకునే ఇద్దరితో పాటు మూడో మనిషి కూడా ఎప్పుడూ మంచం మీదే ఉన్నట్టు. మధ్యలో ఒక కాలు ఆనించకపోతే మంచమే వంగి, పరుపులో గుంట పడిందని మీరు అనుకుంటారు.

ప్రశ్న: మా ఆవిడకు రబ్బరు గ్లవ్స్ వేసుకుంటే దురద వస్తుంది. లేటెక్స్ పరుపు వాడొచ్చా? ‘కడిగిన లేటెక్స్ సార్, ఏం కాదు’ అని షాపులో అంటున్నారు.

జవాబు: కడిగితే అలర్జీ తెప్పించే ప్రొటీన్లు చాలావరకు పోతాయన్నది నిజమే, పరుపుకు ఒంటికి మధ్య కవరు అడ్డు ఉంటుందన్నదీ నిజమే. అయినా ఆ హామీ షాపువాళ్లు ఇచ్చేది కాదు. గ్లవ్స్ వేసుకున్నప్పుడు గానీ, బెలూన్లు ఊదినప్పుడు గానీ ఆమెకు పెదాలు వాచడం, ఊపిరాడకపోవడం ఎప్పుడైనా జరిగితే, అలర్జీ డాక్టరు సరేననే దాకా షాపులో పడుకుని చూడటం కూడా వద్దు. దురద ఒకటి రెండు రోజులాగి వచ్చేదయితే అది రబ్బరును గట్టిపరచడానికి కలిపే రసాయనాల వల్ల కావచ్చు. అవి కృత్రిమ లేటెక్స్‌లో కూడా ఉంటాయి కాబట్టి ‘నేచురల్ కాకుండా సింథటిక్ తీసుకుంటే సరి’ అనుకోవద్దు. ఏ రకమో పరీక్షలో తేలుతుంది. ఈలోగా పరుపు మార్చక తప్పదనుకుంటే విడివిడి సంచుల్లో స్ప్రింగులు పెట్టి, పైన దూది లేదా ఉన్ని పొర వేసిన రకం చూడండి. ఇద్దరి కదలికలు ఒకరికొకరికి తెలియకపోవడంలో అది కూడా బాగానే పనిచేస్తుంది. కొనేముందు లోపల ఎక్కడా లేటెక్స్ జిగురు గానీ, పలచటి లేటెక్స్ పొర గానీ లేదని బిల్లు మీద రాసి ఇమ్మనండి.