సంత చెత్త ఎరువవక కుళ్ళుతోందేం?

ప్రశ్న: రావులపాలెం దగ్గర మా ఊరి సంతలో మిగిలే అరటి గెల కాడలు, కూరగాయల చెత్తను గోతిలో వేస్తున్నాం. ఎరువు కాలేదు సరికదా, కంపు, ఈగలు. ఏం చెయ్యాలి?
– ఓ పంచాయతీ సభ్యుడు

జవాబు: ముందు గొయ్యి మానండి. డెల్టాలో భూమిలోని నీరు పైపైనే ఉంటుంది; వానాకాలం గొయ్యి చెరువే. గాలాడక కుళ్ళుతుంది, కంపు దానిదే. ఎత్తైన అరుగు మీద, రేకుల కింద కుప్ప వెయ్యండి.

గెల కాడలో తొంభై పాళ్ళు నీరే. రెండంగుళాల ముక్కలు కొట్టి, ఒక పూట ఆరబెట్టండి. ప్లాస్టిక్ పురికొస ఇప్పుడే ఏరాలి, తర్వాత ఏరలేరు. మూడు తట్టల చెత్తకు రెండు తట్టలు నరికిన ఎండుగడ్డి, పైన పేడనీళ్ళు. ఊక గాలికి పనికొస్తుంది గానీ తొందరగా చివకదు. కొబ్బరి పొట్టూ అంతే, కొద్దిగానే కలపండి.

కుప్ప అయిదడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు. మూడో రోజుకు లోపల చెయ్యి పెట్టలేనంత వేడి రావాలి, 55 డిగ్రీలు దాటాలి. రాకపోతే? కుప్పలోంచి గుప్పెడు తీసి, చేత్తో పిండి చూడండి. నీరు ధారకడితే గడ్డి కలపండి, పొడిగా ఉంటే తడపండి. వారానికోసారి తిరగెయ్యండి. రెండు మూడు నెలలకు మట్టివాసన వస్తుంది, అప్పుడు ఎరువైనట్టే. వానపాములను కూడా వెయ్యాలనుకుంటే మాత్రం వేడి చల్లారాకే వదలండి.