వేసవిలో నాటిన లావెండర్ వాడిపోవడం గురించి

మీ బంకమట్టి నేలలో వేసవి మధ్యలో నాటిన లావెండర్, రోజ్‌మేరీ రోజూ నీళ్ళు పోస్తున్నా వాడిపోయాయన్నారు. చాలావరకు వాటిని చంపింది ఆ నీళ్ళేనండి. ఇలాంటి మధ్యధరా ప్రాంతపు మొక్కలకి వేసవి వేడిలో తడి కూడా తోడైతే ఫైటోఫ్తోరా (బూజులాంటి సూక్ష్మజీవి) వల్ల వచ్చే వేరుకుళ్ళు పట్టుకుంటుంది. ఒక మొక్క పీకి చూడండి. వేరు గోధుమరంగుకి తిరిగి, గోటితో లాగగానే పైపొర జారిపోయి లోపల దారంలాంటి నార మిగిలితే అదే రోగం. అదే గుంటలో మళ్ళీ లావెండర్ పెట్టకండి.

ఈసారి శరదృతువు తొలివానలు పడ్డాకే నాటండి, చలికాలమంతా వేళ్ళు లోతుకి దిగుతాయి. ముందుగా 30 సెం.మీ. లోతు గుంటలో నీళ్ళు నింపండి. మర్నాటికీ నిలిచి ఉంటే 30-40 సెం.మీ. ఎత్తు దిబ్బ కట్టి దానిమీదే నాటాలి. గుంట అడుగున కంకర మాత్రం వేయొద్దు, నీళ్ళు దిగకపోగా వేళ్ళ దగ్గరే ఆగిపోతాయి. పెద్ద మొక్కలకన్నా 1-3 లీటర్ల కుండీలవే త్వరగా నిలదొక్కుకుంటాయి. మొదటి వేసవిలో రెండు వారాలకోసారి 10-15 లీటర్లు నిదానంగా పోస్తే చాలు.

బంకమట్టికి దానిమ్మ మంచి ఎంపిక. ఆలివ్‌ని దిబ్బ మీదే పెట్టండి. గన్నేరు కూడా తట్టుకుంటుంది గానీ ఆకు నుంచి పువ్వు దాకా విషమే, చిన్నపిల్లలుంటే వద్దండి.