వీలునామాపై తేదీ ‘4-2-1900’ అని ఉంటే చెల్లదా?

ప్రశ్న: మా నాన్నగారు 1999 నవంబరులో ఇల్లు మొత్తం అన్నయ్యకు రాసి రిజిస్టరు చేయించారు. తర్వాత ఆ వీలునామాను నంబరుతో సహా రద్దు చేస్తూ, ఇద్దరికీ సమానంగా మరొకటి రాశారు. దాన్ని రిజిస్టరు చేయించలేదు. ‘19’ అచ్చయిన ఫారంలో లేఖరి ‘00’ వేయడంతో తేదీ 4-2-1900 అయింది. నాన్నగారు పుట్టింది 1936లో. అది దొంగ కాగితమని అన్నయ్య నిరుడు లాయరు నోటీసు పంపాడు. ‘19’ని ‘20’గా దిద్దవచ్చా? కాగితం పాడవకుండా లామినేషన్ చేయించాను.
– ఒక పాఠకురాలు, మహారాణిపేట, విశాఖపట్నం

జవాబు: మీ కేసును నిలబెట్టేది ఆ నంబరే. 1999 నవంబరు నాటి దస్తావేజు నంబరును పేర్కొన్న కాగితం అంతకుముందు పుట్టి ఉండదు. వీలునామాకు తేదీ తప్పనిసరి అని చట్టం చెప్పదు. భారత వారసత్వ చట్టం 63వ సెక్షను అడిగేది రాసినవారి సంతకాన్ని, ఇద్దరు సాక్షులను. 2000 మొదట్లో పాత ఫారాలు వాడిన చోట ఇలాంటి పొరపాట్లు జరిగేవే కనుక, అసలు తేదీని సాక్ష్యంతో చూపవచ్చు. రిజిస్టరు కాకపోయినా, రుజువైతే తర్వాతి వీలునామాదే పైచేయి.

రుజువు చేయడమే కష్టం. నంబరు చూసి ఈమధ్యే సృష్టించారని అవతలి వకీలు తప్పక అంటారు. అందుకు సాక్షుల్లో కనీసం ఒకరు బోనెక్కి, నాన్నగారు తన ఎదుట సంతకం చేశారని చెప్పాలి. సాక్షి వయసు మళ్ళి కదలలేని స్థితిలో ఉంటే, దావా వేసిన వెంటనే ఆయన వాంగ్మూలానికి అడ్వకేటు కమిషనరును (కోర్టు తరఫున వాంగ్మూలం నమోదు చేసే వకీలును) ఇంటికి పంపమని కోర్టును కోరండి. ఆ కాలపు నాన్నగారి సంతకాలున్న బ్యాంకు కాగితాలు వెతకండి. రిజిస్టరైనంత మాత్రాన మీ అన్నయ్య వీలునామా రుజువైపోదు. దానికీ సాక్షి కావాలి.

అంకె మాత్రం ముట్టుకోవద్దు. రాసినవారు పోయాక దిద్దే హక్కు ఎవరికీ లేదు. వీలునామా ఫోర్జరీకి భారతీయ న్యాయ సంహిత 338వ సెక్షను కింద యావజ్జీవ శిక్ష వరకు పడవచ్చు. పైగా ఆ దిద్దుబాటుతో నిజమైన కాగితాన్ని మీ చేతులతో మీరే దొంగ కాగితం చేసినవారవుతారు. లామినేషన్ చేయించడం తెలివితక్కువ పని: సిరా, కాగితం పరీక్షకు అది అడ్డం. ఇప్పుడు ఊడదీయకండి, చిరిగిపోతుంది.

నోటీసుకు జవాబివ్వకుండా ఇన్నాళ్ళు కూర్చోవడం మరో నిర్లక్ష్యం. మీ హక్కును మొదటిసారి కాదన్నది ఆ నోటీసులోనే అయితే, హక్కు ప్రకటన దావాకు (ఆస్తిలో మీకు హక్కుందని కోర్టుచేత చెప్పించుకునే దావాకు) అప్పటి నుంచి 3 సంవత్సరాలే గడువు. నోటీసు వచ్చిన కవరును పోస్టాఫీసు ముద్రతో సహా భద్రపరచండి. విశాఖలో ఇంటికి ప్రొబేటు (వీలునామాకు కోర్టు ఇచ్చే ధ్రువీకరణ) అవసరం లేదు. తేదీ పొరపాటును వివరిస్తూ ముందు జవాబు నోటీసు పంపించి, హక్కు ప్రకటనకూ భాగ పంపిణీకీ కలిపి సివిల్ కోర్టులో ఒకే దావా వేయండి.