పాత ఫోర్ వీల్ డ్రైవ్ కొన్నాను, ఇంజిన్ నంబరు ఆర్‌సీతో కలవడం లేదు. డబ్బు తిరిగి వస్తుందా?

ప్రశ్న: రెండు సంవత్సరాల తొమ్మిది నెలల క్రితం, పన్నెండేళ్లు దాటిన డీజిల్ ఫోర్ వీల్ డ్రైవ్ వాహనాన్ని మా కుటుంబ స్నేహితుడి దగ్గర కొన్నాను. ఆయన మా ఇంట్లో మనిషిలా తిరిగినవాడు. సగం డబ్బు బ్యాంకు ద్వారా, సగం నగదుగా ఇచ్చాను. యాజమాన్య బదిలీకి కావలసిన ఫారం 29, 30 మీద ఆయన సంతకాలు చేసి ఇచ్చారు. పనుల ఒత్తిడిలో పేరు మార్పించుకోలేదు. పదిహేనేళ్ల రిజిస్ట్రేషన్ గడువు దగ్గరపడిందని మొన్న రవాణా కార్యాలయానికి వెళితే, ఇంజిన్ నంబరు ఆర్‌సీలో ఉన్నది కాదన్నారు. స్నేహితుడు ఫోను తీయడం లేదు. కొనేముందు ‘ఇంజిన్ ఒరిజినల్, కంపెనీది, తొమ్మిదేళ్లుగా నా చేతిలోనే ఉంది’ అని ఆయన పంపిన వాయిస్ మెసేజ్ నా దగ్గర ఉంది. ‘ఉన్నది ఉన్నట్లుగా చూసుకుని సంతృప్తి చెందాను’ అని రాసిన డెలివరీ కాగితం మీద నేను సంతకం చేశాను. నమ్మకద్రోహం చేసిన మనిషిపై చీటింగ్ కేసు పెట్టాలని ఉంది. ఒక ఏజెంటు మాత్రం, ఇంజిన్ మీద ఆర్‌సీ నంబరు కొట్టించి పని పూర్తి చేస్తానంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: మీరు పంపిన పూర్తి ఉత్తరంలో స్నేహం గురించి మూడు పేజీలు ఉన్నాయి, వాయిస్ మెసేజ్ గురించి ఒకే ఒక వాక్యం. మీ కేసు నిలిచేది ఆ వాక్యం మీదే. స్నేహాన్ని పక్కన పెట్టండి, కోర్టు దాన్ని చూడదు.

కారణం చెబుతాను. భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని 17వ సెక్షన్ ప్రకారం, అమ్మేవాడు లోపం చెప్పకుండా ఊరుకున్నంత మాత్రాన అది సాధారణంగా మోసం కాదు. అబద్ధమని తెలిసీ నిజమని చెప్పడం మాత్రం మోసమే. ఈ తేడా మీకు ప్రాణం లాంటిది. ఆయన మౌనంగా ఉండి ఉంటే, ‘బానెట్ ఎత్తి నంబరు చూసుకోవలసింది’ అనే వాదన మీ నోరు మూయించేది. మామూలు జాగ్రత్తతో నిజం తెలుసుకునే వీలు ఉన్నప్పుడు ఒప్పందాన్ని రద్దు చేసుకోలేరని 19వ సెక్షన్‌లో మినహాయింపు ఉంది. అయితే అది మౌనానికీ, తెలియక చెప్పిన తప్పు మాటకూ వర్తించేది. తెలిసి చెప్పిన అబద్ధానికి ఆ రక్షణ లేదు.

కాబట్టి మీరు రుజువు చేయవలసింది ఒక్కటే: ఇంజిన్ మార్చిన సంగతి ఆయనకు తెలుసు. ‘తొమ్మిదేళ్లుగా నా చేతిలోనే ఉంది’ అన్న మాట ఇక్కడ మీకు మేలు చేస్తుంది. ఆ తొమ్మిదేళ్లలో ఇంజిన్ మారి ఉంటే తెలియదని ఆయన అనలేరు. అంతకు ముందే మారి ఉంటే కథ వేరు. అందుకే ఆయన బండి బాగు చేయించుకున్న గ్యారేజీకి వెళ్లి సర్వీసు బిల్లులు, జాబ్ కార్డులు సంపాదించండి. ఇంజిన్ దించి ఎక్కించిన మెకానిక్ సాక్ష్యం చెబితే దానికి మించినది లేదు.

డెలివరీ కాగితం గురించి అంత భయం వద్దు. పొగ ఎక్కువ వస్తోందనో, ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజిన్ శక్తిని ముందు, వెనుక చక్రాలకు పంచే గేరు పెట్టె) శబ్దం చేస్తోందనో, లో గేరు పడటం లేదనో మీరు దావా వేస్తే ఆ కాగితం మీకు గట్టిగా అడ్డొచ్చేది. పాత బండిలో అరుగుదలను మీరు ఒప్పుకున్నారు. అబద్ధాన్ని ఒప్పుకోలేదు.

ఇక కాలపరిమితి. మీ ఉత్తరంలో నన్ను నిజంగా కంగారు పెట్టింది ఇదే. ఇలాంటి దావాకు మూడేళ్ల గడువు ఉంది. మోసం ఉంటే, అది బయటపడిన రోజు నుంచి గడువు లెక్కపెట్టమని 1963 లిమిటేషన్ చట్టంలోని 17వ సెక్షన్ అంటుంది. మీకు నిన్న మొన్నే తెలిసింది కాబట్టి ఇంకా మూడేళ్లు ఉన్నాయని ఎవరైనా చెబుతారు. వినకండి. ‘తగిన శ్రద్ధ పెడితే ఎప్పుడు తెలిసి ఉండేది’ అని కూడా అదే సెక్షన్ అడుగుతుంది. ఫారం 30తో కొన్న ముప్పై రోజుల్లో దరఖాస్తు చేసి ఉంటే అప్పుడే తెలిసేదని అవతలి వకీలు మొదటి వాయిదాలోనే అంటారు. కొన్న తేదీ నుంచే మూడేళ్లు లెక్కపెట్టుకోండి. మీ చేతిలో మూడు నెలలు ఉన్నాయి, అంతే. వినియోగదారుల కమిషన్ మీకు దారి కాదు. సొంత బండి ఒకసారి అమ్ముకున్న వ్యక్తి వ్యాపారి కాడు. పైగా అక్కడి గడువు రెండేళ్లే.

పేరు మార్పించుకోకపోవడం గురించి మాత్రం కఠినంగా చెప్పక తప్పదు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 50వ సెక్షన్ ప్రకారం ఒకే రాష్ట్రంలో అమ్మితే, అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో తెలియజేయాలి. మీరు సంతకాలున్న ఫారాలను సొరుగులో పెట్టుకుని రెండున్నరేళ్లకు పైగా బండి నడిపారు. ఈ కాలంలో మీ చేతిలో ప్రమాదం జరిగి ఉంటే, బాధితుల పరిహారం కేసులో యజమానిగా నిలబడవలసింది ఆర్‌సీలో పేరున్న మీ స్నేహితుడే. నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2018లో చెప్పింది ఇదే. బండి ధ్వంసమైతే మీకు సొంత నష్టం కింద బీమా డబ్బు వచ్చేదీ కాదు. ఇప్పుడు ఆయన ‘నా బండి వాడుకోమని ఇచ్చాను’ అంటే, మీ కొనుగోలుకు రుజువు బ్యాంకు ద్వారా వెళ్లిన సగం డబ్బు, ఆ డెలివరీ కాగితం, ఫారాలు మాత్రమే. నగదుగా ఇచ్చిన సగానికి సాక్షి ఎవరో ఇప్పుడే రాసి పెట్టుకోండి.

చీటింగ్ కేసు (అమ్మకం 2024 జూలై 1కి ముందు జరిగి ఉంటే పాత ఐపీసీ 420వ సెక్షన్, తరువాతైతే భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్) మొదటి అడుగుగా వద్దు. పోలీసులు బండిని స్వాధీనం చేసుకుంటే, తాత్కాలిక కస్టడీకి పిటిషన్ వేసినప్పుడు కోర్టు ముందుగా చూసేది ఆర్‌సీలో ఎవరి పేరుందని. ఆ పేరు మీది కాదు.

ఏజెంటు మాట దగ్గరికి వస్తున్నాను. ఇంజిన్ బ్లాకు మీద నంబరు గీకించి వేరే నంబరు కొట్టించడం ఫోర్జరీ వైపు నడిచే పని. ఈ రోజు మోసపోయిన మనిషి మీరు. ఆ పని చేయించిన మరుక్షణం నేరస్థుడు మీరు. గీకిన లోహం మీద ఆనవాళ్లను ఫోరెన్సిక్ పరీక్షలో బయటకు తీయగలరు. ఆ పాత నంబరు దొంగిలించిన బండిదైతే, మీరు ఎంత చెప్పినా ఎవరూ నమ్మరు. పైగా మీ కేసుకు అసలైన సాక్ష్యం ఆ నంబరే, దాన్ని మీ చేతులతో చెరిపేసుకుంటారా? చెప్పకుండా మరొకరికి అమ్మేయడం కూడా అంతే. మీకు జరిగింది వాళ్లకు మీరే చేస్తారు.

ఈ వారంలోనే చేయవలసిన పనులు ఉన్నాయి. కిరోసిన్ తడిపిన గుడ్డతో ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు ఉన్న చోట మడ్డి తుడవండి. పైన పలుచని కాగితం పెట్టి పెన్సిల్‌తో మెల్లగా రుద్దితే అంకెలు అచ్చు పడతాయి. సాక్షుల సంతకాలతో దాన్ని భద్రపరచండి. బండిని అక్కడితో ఆపేయండి. ఫోను మార్చకండి, ఆ వాయిస్ మెసేజ్‌ను చెరపకండి. భారతీయ సాక్ష్య అధినియమ్, 2023లోని 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జత చేయకపోతే మీరు పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఇచ్చిన కాపీని కోర్టు తీసుకోదు.

తరువాత స్పీడ్ పోస్టులో లీగల్ నోటీసు. అందులో మొదటి కోరిక డబ్బు కాదు, మార్చిన ఇంజిన్ కొనుగోలు బిల్లు. ఇంజిన్ మార్చాలంటే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద రవాణా శాఖ అనుమతి తీసుకుని ఆర్‌సీలో నమోదు చేయించాలి. బిల్లు దొరికి, ఆ ఇంజిన్ చరిత్ర శుభ్రంగా ఉంటే, ఆయన సంతకంతో జరిమానా కట్టి సరిచేయించుకోవడానికి ప్రయత్నించవచ్చు. కేసు కన్నా అదే మీకు లాభం. బిల్లు లేదంటే పదిహేను రోజులు చూసి సివిల్ కోర్టులో దావా వేయండి. ఒప్పందం రద్దు చేసి డబ్బు తిరిగి ఇప్పించమని అడగండి, అది కుదరకపోతే నష్టపరిహారం ఇప్పించమని ప్రత్యామ్నాయంగా కోరండి. ఇన్నాళ్లు వాడుకున్నారు కాబట్టి రెండోదే దక్కే అవకాశం ఎక్కువ. దావాతో పాటే, కోర్టు తరఫున తనిఖీ చేసే అడ్వకేట్ కమిషనర్‌ను నియమించమని పిటిషన్ వేయండి. ఆయన వచ్చి ఇంజిన్ నంబరును స్వయంగా చూసి నివేదిక ఇస్తే, ఆ తరువాత ఎవరు ఏం మార్చినా మీకు భయం లేదు.

ఇలాంటి బండి కొనబోతున్న పాఠకులకు ఒక్క మాట. చాలా మోడళ్లు టూ వీల్ డ్రైవ్‌లోనూ, ఫోర్ వీల్ డ్రైవ్‌లోనూ వచ్చాయి. ముందు ఇరుసు, ట్రాన్స్‌ఫర్ కేసు తుక్కు దుకాణంలో తెచ్చి బిగించినవీ తిరుగుతున్నాయి. ఆర్‌సీలోని మోడల్ పేరును తయారీదారు వివరాలతో పోల్చి చూడండి. అనుమతి లేని మార్పు చేసిన యజమానికి అదే మోటారు వాహనాల చట్టం 182ఎ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. అప్పటికి యజమాని మీరే కాబట్టి, ఆ మార్పు చేసింది మీరు కాదని చెప్పుకోవలసిందీ మీరే. ఫైనాన్స్ ఉన్న బండి అయితే, అప్పు తీరిందని తెలిపే ఫారం 35, ఫైనాన్సర్ ఇచ్చిన నిరభ్యంతర పత్రం చేతికి రానిదే బయానా కూడా ఇవ్వకండి.

మీ విషయానికి వస్తే, డెలివరీ కాగితం మీద ఉన్న తేదీని చూసి, మూడేళ్లు నిండే రోజును క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి. దానికి నెల రోజుల ముందే దావా కోర్టులో దాఖలై ఉండాలి.