గోస్తనీ పరీవాహకం గీసేటప్పుడు

తల్లీ,

గోస్తనీ నది ఎగువ భాగంలో పరీవాహకానికి, అంటే ఆ నదికి వాన నీళ్లు చేరే ప్రాంతానికి, పటం గీస్తూ, ప్రవాహం కొలిచే కొలతచోటు బొర్రా గుహల దగ్గరే పెడతానన్నావు. ఆ చోటు మార్చు. అక్కడ సున్నపురాయి ఉంది. నది గుహల కిందుగా పోతుంది, వాన నీళ్లు పగుళ్లలోకి దిగి ఎక్కడో ఊటగా తేలతాయి. గుహలు దాటాక, నీళ్లన్నీ మళ్లీ ఒకే పాయగా కనబడే చోటు వెతుక్కో.

ఇంట్లోనే ముందు పెన్సిల్ పని చెయ్యి. సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 పటం తీసుకుని, చుక్కల గీతలుగా ఉన్న ఎండు గెడ్డలతో (కొండవాగులతో) సహా అన్నిటికీ నీలం రంగు వెయ్యి. కాంటూరు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీత) మొన ఎత్తు వైపు తిరిగితే లోయ, పల్లం వైపు పొడుచుకొస్తే గట్టు. కొలతచోటు దగ్గర మొదలుపెట్టి గట్టు వెన్ను మీదుగా పరీవాహకం హద్దు గీస్తూ పో. ఆ హద్దు గీత ప్రతి కాంటూరునూ నిలువుగా దాటాలి, ఆ కొలతచోటు దగ్గర తప్ప ఇంకెక్కడా గెడ్డను కొయ్యకూడదు. కోసిందంటే, అక్కడే తప్పు జరిగినట్టు.

ఎక్కువమంది తప్పేది రెండు శిఖరాల మధ్య కనుమ దగ్గర. అరకు వైపు గట్టు మీద ఈ పొరపాటు చేస్తే, మాచ్‌ఖండ్, సీలేరు, శబరి మీదుగా గోదావరికి పోయే వానను గోస్తనీతో పాటు భీమిలి దగ్గర సముద్రంలో కలిపేస్తావు. దక్షిణాన శారదా నది వైపు కూడా అంతే జాగ్రత్త. ఉపగ్రహ ఎత్తుల లెక్కను ఒక్కదాన్నే నమ్మకు, దట్టమైన అడవిలో అది చాలాచోట్ల నేలను కాక చెట్ల తలల్ని చూస్తుంది. అనుమానమున్న కనుమలకు నడిచి వెళ్లి, నీళ్లు ఎటు జారతాయో చూడు. ఊరివాళ్లను అడుగు, గెడ్డల పేర్లు పటంలో కంటే వాళ్ల నోట సరిగ్గా దొరుకుతాయి.

వైశాల్యానికి పటం మీద పారదర్శకమైన గ్రాఫు కాగితం పరుచు. 1 చదరపు సెం.మీ. అంటే 0.25 చ.కి.మీ. అంచుల్లో మాత్రం మిల్లీమీటరు గళ్లు లెక్కపెట్టు. ఒక చ.కి.మీ. మీద 1 మి.మీ. వాన కురిస్తే 10 లక్షల లీటర్లు. అందులో గెడ్డకు ఎంత చేరిందో తెలియాలంటే ప్రవాహం కొలవాలి.

తిన్నగా పారే 10 మీటర్ల పాయ చూసి, నారింజ పండు వదిలి, సమయం పట్టు. అయిదుసార్లు చేసి సగటు తీసుకో. లోతు అర మీటరుకొకసారి కొలువు. వెడల్పు 4 మీటర్లు, సగటు లోతు 0.3, పై వేగం సెకనుకు 0.5 మీటర్లు అనుకో. అడుగున నీరు నెమ్మదిగా పోతుంది కాబట్టి 0.85తో గుణించు. సెకనుకు 510 లీటర్లు వస్తుంది. రాళ్లు మరీ ఎక్కువుంటే ఆ 0.85ను ఇంకా తగ్గించాలి.

ఈ కొలత ఏప్రిల్‌లో ఒకసారి, వానలు వెనక్కి తగ్గాక మరోసారి చెయ్యి. నీళ్లు ఉన్నట్టుండి ఎర్రగా మారినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొచ్చినా, పైన వాన పడినట్టే. టేపు వదిలేసైనా సరే, వెంటనే గట్టెక్కెయ్యి.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న